ఇంటా వంటా లేని జబ్బులు

అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆస్పత్రి ఓపీ వరుసలో కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "మా ఇంటా వంటా లేదు సార్, ఈ షుగరు నాకెట్ల వచ్చింది?" ఆ రద్దీలో జవాబు చెప్పే తీరిక ఏ డాక్టరుకు ఉంటుంది? జవాబులో కొంత భాగాన్ని మాత్రం హైదరాబాద్ నగరమే వెతికిపెట్టింది.

ఆ జవాబుకు మూలం, జన్యువులు ఎప్పుడు ఎలా పనిచేస్తాయో వెతికే శాస్త్రం. జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ 1942లో దానికి 'ఎపిజెనెటిక్స్' అని పేరు పెట్టేనాటికి జన్యువు దేనితో తయారైందో కూడా తేలలేదు. ఒకే అండం నుంచి వచ్చిన కణాల్లో ఒకటి కాలేయం, ఇంకొకటి నరం ఎలా అవుతున్నాయన్నదే ఆయన్ని పట్టి పీడించిన ప్రశ్న. ఆడ క్షీరదం కణంలోని రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి మూగబోతుందని 1961లో మేరీ లయన్ చెప్పింది. డీఎన్ఏకు అంటుకునే మిథైల్ గుంపులే జన్యువులను మూసే, తెరిచే మీటలై ఉండాలని 1975లో హాలిడే, ప్యూ ఒకచోట, ఆర్థర్ రిగ్స్ మరోచోట ఊహించారు. అదే ఏడాది బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్త హెచ్. శరత్‌చంద్ర, స్పెన్సర్ బ్రౌన్‌తో కలిసి క్రోమోజోముల మీద పడే ముద్రల గురించి రాశారు. ఆ ఆలోచనకు ఊతమిచ్చింది పంటకు పట్టే పిండినల్లి; అందులో మగ పురుగుకు తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు పనిచేయడం మానేస్తాయి. శరత్‌చంద్ర పేరు మనలో ఎందరికి తెలుసో!

ఈ మిథైల్ గుంపులు గాలిలోంచి ఊడిపడవు, తిండిలోంచే రావాలి. వాటిని చేతులు మార్చేవి ఫోలిక్ యాసిడ్, బి12. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అప్పుడు దాంట్లో వెతికింది రక్తహీనతకు మందునే. 2003లో వాటర్‌ల్యాండ్, జర్టిల్ చూలు ఎలుకల మేతలో ఫోలిక్ యాసిడ్, బి12 లాంటివి కలిపితే పిల్లల్లో పసుపు బొచ్చువి తగ్గి గోధుమరంగువి పెరిగాయి. జన్యువులో ఒక్క అక్షరం కూడా మారలేదు.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి? ఇక్కడ హైదరాబాద్ శివారు పల్లెలకు రావాలి. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ అక్కడ ఒక పరిశీలన నడిపింది. కొన్ని ఊళ్లకు అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చింది, పక్క ఊళ్లకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో ఉప్మా వండిపెట్టేవారు. గర్భిణికి రోజుకు సుమారు 500 కేలరీలు, 20–25 గ్రాముల ప్రొటీన్. చిన్నపిల్లలకు 300 కేలరీలు. 2003–05లో ఆ రెండు రకాల ఊళ్లలో పుట్టి పెరిగిన 1,165 మందిని 13–18 ఏళ్ల వయసులో మళ్లీ పిలిచి పరీక్షించారు. 15 ఊళ్లు ఉప్మా అందినవి, 14 అందనివి. సంజయ్ కిన్రా బృందం 2008లో ఫలితం ప్రకటించింది: ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు, వాళ్లలో షుగరుకు దారితీసే ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ, ధమనుల బిగుసుదనమూ తక్కువే. అయితే అందులో మిథైల్ ముద్రలను కొలవలేదు. కాబట్టి ఇది ఎపిజెనెటిక్స్‌కు రుజువు కాదు, బలమైన అనుమానం మాత్రమే.

ఆ అనుమానాన్ని పట్టుకుని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో గిరిరాజ్ చాందక్ బి12కీ డీఎన్ఏ మిథైల్ ముద్రలకూ ఉన్న లంకె వెతికారు. తల్లి ఎలుకలకు బి12 తగ్గిస్తే పిల్లలకు కొవ్వు పెరుగుతుందని పోషకాహార సంస్థలో చూశారు. పుణేలో యాజ్ఞిక్ బృందం 2008లో చూపింది మరీ ఇబ్బందికరమైన నిజం: బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లోనే ఆరేళ్లకు ఇన్సులిన్ నిరోధకత అందరికంటే ఎక్కువ. అంటే ఫోలిక్ మాత్ర ఒక్కటీ మింగించి చేతులు దులుపుకుంటే కుదరదు.

జబ్బు వైపు నుంచి వచ్చిన కథ ఇంకా విచిత్రం. ఉస్మానియా నుంచి మొజంజాహి మార్కెట్ దాటి నడిస్తే తుల్జాగూడ కాంప్లెక్స్. ఉప్పల్‌కు మారకముందు డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ప్రయోగశాలలు అక్కడ ఉండేవి. ఆ సంస్థలో సంజీవ్ ఖోస్లా బృందం 2015లో టీబీ క్రిమి దొంగదెబ్బను బయటపెట్టింది. క్రిమి ఆర్‌వీ1988 అనే ప్రొటీన్‌ను వదులుతుంది. అది మన కణ కేంద్రకంలోకి దూరి, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ మీద తన మిథైల్ ముద్ర వేస్తుంది. క్రిమిని ఎదుర్కొనే మొదటి వరుస జన్యువులు దాంతో అణిగిపోతాయి. మన మీటలు మనవే అనుకుంటాం గానీ, వాటి మీద టీబీ క్రిమి చెయ్యి కూడా పడుతోంది!

తాతల ఆకలి మనవళ్ల దాకా ముద్రలుగా దిగుతుందన్న మాటకు మనుషుల్లో గట్టి ఆధారం ఇప్పటికీ లేదు. ఎపిజెనెటిక్స్ పేరు చెప్పి అమ్మే పొడులకు పైసా పెట్టకండి. ఇంట్లో గర్భిణి ఉంటే అంగన్‌వాడీ తిండిని చిన్నచూపు చూడకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఫోలిక్ మాత్రలతోపాటు బి12 సంగతి కూడా అడగండి.