తరగతి గది వెలుపలి చదువు: సూరతు నగర చరిత్రము నేర్పు పాఠము

బందరునకును సూరతునకును చరిత్రలో ఒక పోలిక కలదు. ఆంగ్లేయుల వర్తకశాల బందరున 1611 లోను, సూరతున 1613 లోను వెలసినది. రెండు రేవులకును వస్త్రమే ప్రాణము. బందరు కలంకారి సముద్రములు దాటినట్లే సూరతు పట్టు, జరీ దేశాంతరములకు పోయెను. కాలక్రమమున సూరతు రేవు వైభవము తగ్గినను, నేతపని మాత్రము ఆ నగరమును విడువలేదు. చేమగ్గము స్థానమున మరమగ్గము వచ్చెను. దానివెంట తెలంగాణపు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు వచ్చి స్థిరపడెను. నేడు లింబాయతు వంటి పేటలలో తెలుగు మాట వినబడుచున్నది. నగరపాలక సంస్థవారు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడులను కూడ నడుపుచున్నారు.

ఈ కుటుంబముల బాలబాలికలకు మగ్గపు కొట్టమునుండి యంత్రశాస్త్రమునకు పోవు దగ్గరి దారి పాలిటెక్నిక్కు చదువు. పదవ తరగతి పిదప మూడేండ్లు చదివి డిప్లొమా పొందినవారు ఉద్యోగమునకు పోవచ్చును. లేదా ఇంజనీరింగు పట్టపు చదువులో రెండవ సంవత్సరమున చేరవచ్చును. సూరతున ప్రభుత్వ పాలిటెక్నిక్కు 1955 లో ఏర్పడినది. 1961 లో సర్దార్ వల్లభభాయి పేర ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వెలసినది. అది 1959 లో వరంగల్లున వెలసిన కళాశాలకు తోబుట్టువు వంటిది. రెండును నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థలైనవి. కావున విద్యాలయములకు ఆ నగరమున కొదవ లేదు. అయితే పాఠము చెప్పుటతో విద్యాలయము పని తీరును. పాఠము విన్న బాలుడు ఎక్కడ పరుండును, ఏ దీపము క్రింద చదువును, అర్థము కాని మాటను ఎవరిని అడుగును అను ప్రశ్నలు మిగిలియే యుండును. ఈ ప్రశ్నలు సూరతునకు క్రొత్తవి కావు. నూట ఎనుబది యేండ్లుగ ఆ నగరము వీనికి సమాధానములు వెదకుచునే యున్నది.

మొదటి సమాధానము ఒక బడిపంతులు ఇచ్చెను. ఆయన పేరు దుర్గారామ్ మన్‌ఛారామ్ మెహతా. 1809 లో జన్మించిన ఈ నాగర బ్రాహ్మణుని జనులు మెహతాజీ, అనగా పంతులుగారు, అని పిలిచిరి. 1837 లో జరిగిన ఘోర అగ్నిప్రమాదమున సూరతు నగరము చాల భాగము దగ్ధమై, వర్తకము క్షీణించియున్న దినములవి. ప్రభుత్వ పాఠశాలలో బోధించుటతో దుర్గారాముడు తృప్తి పొందలేదు. మిత్రులతో కూడి 1842 లో పుస్తక ప్రసారక మండలిని స్థాపించి, శిలాముద్రణ యంత్రమును తెప్పించెను. గుజరాతీలో విజ్ఞానశాస్త్ర పాఠ్యగ్రంథమును రచించెను. 1844 లో మానవధర్మ సభ వెలసినది. మహారాష్ట్ర వ్యాకరణకర్తగ పేరొందిన దాదోబా పాండురంగ్ అప్పుడు సూరతున ఉపాధ్యాయుడై యుండి ఆ సభకు తోడుపడెను. సభలో మూఢవిశ్వాసములు చర్చకు వచ్చెడివి. మంత్రగాండ్రను రప్పించి, మీ మంత్రశక్తిని అందరి యెదుట చూపుడని అడిగెడివారు. పరీక్షింపనిదే నమ్మరాదను శాస్త్రబుద్ధిని ఈ సభ బడి గోడల వెలుపల నేర్పినది.

అట్టి సభ ఎంతకాలము నిలిచినది? దాదోబా 1846 లో బొంబాయికి పోయెను. 1852 లో దుర్గారాముడు రాజకోటకు వెళ్ళుటతో సభ ఆగిపోయెను. ఇందెవరి దోషమును లేదు. ఉద్యోగి స్థలము మారుట సహజము. సభకు సొంత యిల్లుగాని, నిలువయుండు నిధిగాని, పంతులుగారి పనిని అందుకొను రెండవ వరుస మనుష్యులుగాని లేకపోవుటయే ఆ ముగింపునకు కారణమని తోచును. బదిలీలకు అలవాటు పడిన కేంద్రోద్యోగుల కుటుంబములకు ఈ కథ కొంత దగ్గరగనే యుండును.

రెండవ సమాధానము సుమారు అరువదేండ్లకు వచ్చెను. ఈసారియు ముందుకు వచ్చినవాడు బడిపంతులే. సూరతు సమీపగ్రామమునకు చెందిన కున్వర్‌జీ మెహతా 1908 లో పాటీదారు యువక మండలిని స్థాపించెను. పల్లెలలో ప్రాథమిక విద్య ముగించిన రైతుబిడ్డలు పట్టణపు హైస్కూలులో చేరవలెనన్న నివాసము దొరకకుండెను. కున్వర్‌జీ, ఆయన సహచరుడు కల్యాణ్‌జీ మెహతా కలసి 1911 లో సూరతున పాటీదారు ఆశ్రమమును నెలకొల్పిరి. పేరునకు ఆశ్రమమైనను అది విద్యార్థి వసతిగృహము. కూడు, నీడ, క్రమశిక్షణ, తోడివారి సహవాసము అచట లభించెను. దయాళ్‌జీ దేశాయి అనావిల ఆశ్రమమును ఇట్లే నడిపెను. 1928 లో బార్డోలీ సత్యాగ్రహము సాగినప్పుడు ఈ ఆశ్రమములలో పెరిగిన యువకులు పల్లెపల్లెకును కార్యకర్తలై పోయిరి.

సభ కొలది యేండ్లలో ముగిసినది; ఆశ్రమము పదునేడేండ్లకు ఒక మహోద్యమమునకు బలమైనది. సభకు లేని యిల్లు, వంటశాల, ఏటేట వచ్చిచేరు క్రొత్త విద్యార్థులు ఆశ్రమమునకు కలవు. అయితే ఆశ్రమమునకు ఒక లోపమును కలదు. అది ప్రధానముగ ఒక కులము బిడ్డలకొరకు వెలసినది. ద్వారము ఇరుకైనచోట బయట నిలిచినవారు ఎక్కువమంది యుందురు.

ఆంధ్రదేశమునను ఈ ప్రయత్నములు జరుగకపోలేదు. 1906 లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి, శాస్త్ర విషయములను తెలుగున గ్రంథములుగ వెలువరించి, బడికి పోని వారికిని విజ్ఞానము నందించినది. 1918 లో రాజా బహదూర్ వెంకటరామరెడ్డి పూనికతో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైన సంవత్సరమును అదియే. అచట బోధన ఉర్దూభాషలో సాగినందున, తెలుగు బాలుడు రసాయనశాస్త్రముతోపాటు ఆ శాస్త్రమును చెప్పు భాషను కూడ నేర్వవలసి వచ్చెను. అట్టివానికి వసతిగృహమున తనకన్న రెండేండ్లు ముందు చదివిన తెలుగువాడు పక్కగదిలో నుండుట ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు. షోలాపురమున తెలుగు నేతవారు పద్మశాలి శిక్షణ సంస్థ పేర సొంత విద్యాలయములను నెలకొల్పుకొనిరి.

నేడు సూరతు తెలుగు విద్యార్థికి కావలసినదియు ఇట్టి అండయే. నేతవాని బిడ్డకు యంత్రము క్రొత్త కాదు. పడుగు, పేక, నాడె, కండె వానికి చిన్ననాటి మాటలు. నాడె ఎందుకు ఎగిరిపోయినదో, పోగు ఎచట తెగినదో చప్పుడు విని చెప్పగలడు. కాని వేగము, ఘర్షణ, బలము అను విషయములే పాలిటెక్నిక్కు పుస్తకమున వేరొక భాషలో ఎదురైనప్పుడు, తనకు తెలిసినదే తెలియనిదిగ తోచును. తండ్రి పన్నెండు గంటల షిఫ్టు ముగించుకొని వచ్చి పరుండు ఒంటిగది యింటిలో రాత్రి దీపము వెలిగించి చదువుటయు సులభము కాదు. ఇట్టివాడు మొదటి యేడే తప్పి చదువు మానినచో, లోకము వానిని మందబుద్ధి యనును.

కాగితముల కష్టము వేరొకటి. ఒక రాష్ట్రమున వెనుకబడినదిగ గుర్తింపు పొందిన కులమునకు వలసపోయిన రాష్ట్రమున ఆ గుర్తింపు తనంత తాను రాదు. ఆంధ్రదేశమునుండి బొంబాయికి వెళ్ళిన కేంద్ర ప్రభుత్వరంగ సంస్థోద్యోగి ఒకని కుమారుని వైద్యకళాశాల ప్రవేశ వ్యవహారమున సుప్రీంకోర్టు 1990 లో ఈ సూత్రమునే స్థిరపరచినది. మరియొకవైపు, ఉన్న సహాయము తెలియక పోవుటయు కలదు. సాంకేతిక విద్యామండలివారి ‘ప్రగతి’ విద్యార్థివేతనము డిప్లొమా చదువు బాలికలకును వర్తించును. ఏటికి 50,000 రూపాయలు. మగ్గపు కూలివాని యింటికి ఈ వార్త చేరుటకు ఎవరో ఒకరు మోయవలెను. ఆదాయ ధ్రువపత్రము ఏ కార్యాలయమున దొరకునో, దరఖాస్తు గడువు ఎప్పుడో చెప్పుట ఆ ఇంటివారికి కష్టము. ఫైళ్ళ మధ్య జీవితము గడపు ఉద్యోగికి అది అరగంట పని.

ఉద్యోగరీత్యా పరరాష్ట్రములకు పోయిన తెలుగువారు ఎచట నున్నను ఉగాదికి కలసికొందురు, నాటకములాడుదురు, సంచికలు వెలువరింతురు. ఆ సంఘములకే ఒక గది, నాలుగు బల్లలు, పాలిటెక్నిక్కు పుస్తకములు, తెలుగున వివరించగల యిరువురు పై తరగతి విద్యార్థులు చేరినచో మెహతాజీ సభయు కున్వర్‌జీ ఆశ్రమమును కొంత కొంత కలసివచ్చును. దాని తలుపు కులము అడుగరాదు. దాని తాళపుచెవి ఒక్కరి చేతిలో నుండరాదు. కార్యదర్శికి బదిలీ యుత్తరువు వచ్చిన మరునాటి సాయంకాలమును అచట దీపము వెలుగవలెను.