చెరువు కట్ట – సముద్రపు హద్దు

కాకతీయుల కాలంలో చెరువులు కట్టించినవారికి సముద్రం కనిపించేది కాదు. కానీ వారి లెక్క దానిమీదే ఆధారపడింది. గణపతిదేవుని (1199–1262) సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. భూపాలపల్లి జిల్లా గణపసముద్రమైనా, జనగామ మెట్టలోని చెరువులైనా రుతుపవనాలు సముద్రం నుంచి తెచ్చే నీటికోసం కట్టినవే. ఎక్కువైన నీరు పోవడానికి అలుగు పెట్టారు.

ఇప్పుడు ఆ లెక్క మారుతోంది. భూమిపై పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే పీల్చుకున్నాయి. గాలి 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఒక్కో వరదకు సముద్రపు వేడి ఒక్కటే కారణమని చెప్పలేం. అయితే కుండపోత వానలకు అది బలం చేకూరుస్తుంది.

అలుగు పారినంతసేపు చెరువు నిలుస్తుంది. కట్ట తెగితే వాన ఆగినా పోయిన నీరు తిరిగిరాదు. శాస్త్రజ్ఞులు 'టిప్పింగ్ పాయింట్' అనేది ఇలాంటి హద్దునే. వేడి ఆ హద్దు దాటితే గ్రీన్‌లాండ్ మంచు, సముద్రాల్లోని పగడపు దిబ్బలు వేల ఏళ్లకు గానీ మునుపటి స్థితికి రాకపోవచ్చు. తెగిన చెరువు కట్టను ఊరు కలిసి మళ్లీ పోసుకోగలదు. సముద్రానికి అలాంటి మరమ్మతు లేదు.