విశాఖ రేవు పత్రాలలో ఫ్రెంచి మాటలు

విశాఖపట్నం రేవులో సరుకు దిగుమతికి సంబంధించిన ఇంగ్లీషు ఒప్పందాలు చదివేవారికి రెండు మాటలు తరచుగా ఎదురవుతాయి. ఒకటి డెమరేజ్, రెండవది ఫోర్స్ మజ్యూర్. రెండూ ఫ్రెంచి మూలం గలవే. ఒకప్పుడు ఫ్రెంచివారు ఈ తీరాన్ని ఏలారు కనుక ఇవి మిగిలిపోయాయని మీకు తోచవచ్చు. ఆ ఊహ ఎంతవరకు సరైనదో పరిశీలిద్దాం.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. అదే ఏడాది జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు వర్తక స్థావరాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడాదే విజయనగర పాలకుడు ఆనంద గజపతిరాజు పట్టణాన్ని ఫ్రెంచివారి నుండి తీసుకొని ఇంగ్లీషువారికి అప్పగించాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. అంటే విశాఖలో వారి అధికారం రెండేళ్లు కూడా నిలవలేదు. నేటి రేవు ప్రారంభమైనది 1933లో. కాబట్టి ఈ మాటలు బుస్సీ వెంట వచ్చినవి కావు.

అసలు దారి వేరు. 1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన తరువాత అక్కడి పాలకవర్గానికి, క్రమంగా న్యాయస్థానాలకు ఫ్రెంచి వ్యవహార భాష అయింది. ఆలస్యం చేయడమనే అర్థం గల పాత ఫ్రెంచి క్రియ నుండి డెమరేజ్ పుట్టింది. ఓడను గాని సరుకును గాని గడువు దాటి నిలిపి ఉంచితే చెల్లించవలసిన సొమ్ము అది. ఇంగ్లీషులో పూర్తిగా కలిసిపోయినందున దాన్ని ఎవరూ పరాయి మాటగా గుర్తించరు.

ఫోర్స్ మజ్యూర్ అలా కాదు. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతిలో ఉన్న ఈ పదబంధం ఇంగ్లీషులోనూ తన రూపం మార్చుకోలేదు. ఫ్రెంచి పద్ధతిలోనే విశేషణం నామవాచకం తరువాత వస్తుంది. దీని అర్థం మనిషి అదుపుకు మించిన శక్తి. తుపాను, యుద్ధం వంటివి ఒప్పందం అమలును అడ్డుకుంటే బాధ్యత ఎవరిదో ఈ నిబంధన తేలుస్తుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో ఈ పదబంధం లేదు. 32, 56 సెక్షన్లు ఆ అవసరాన్ని తీరుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన నగరంలో ఈ నిబంధన విలువ వేరే చెప్పనక్కరలేదు.

దీని నుండి మీరు గ్రహించవలసినది ఒకటుంది. యుద్ధంలో ఓడినవారి మాటలను ఇక్కడికి తెచ్చింది గెలిచినవారి భాషే. పదం పుట్టిన చోటు, అది మనకు చేరిన దారి ఒకటే కానక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డెమరేజ్, ఫోర్స్ మజ్యూర్ అనే మాటలు ఇంగ్లీషులో నిలిచిన తీరులో గల తేడాను నాలుగు వాక్యాలలో రాయండి.