జగన్నాథదాస్ గారి ఒక తీర్పు

1936 ఏప్రిల్ 1న కోరాపుట్ ఒడిశాలో కలిసింది. రాయగడ అప్పుడు ఆ జిల్లాలోదే. అంతవరకు మనకి హైకోర్టంటే మద్రాసు, ఆ తర్వాత పట్నా! పట్నా ఎక్కడ, మనమెక్కడ? 1948 జులై 26న కటక్‌లో ఒరిస్సా హైకోర్టు పెట్టాక గాని ఆ తిప్పలు తగ్గలేదు. తొలి నలుగురు న్యాయమూర్తుల్లో ఒకరు బి. జగన్నాథదాస్ గారు. 1951లో అక్కడే ప్రధాన న్యాయమూర్తి, 1953లో సుప్రీంకోర్టు.

పదవులు చదివి చప్పట్లు కొట్టేసి ఊరుకోవడం మాకు నచ్చదు. ఆయన రాసిన ఎం.పి. శర్మ కేసు తీర్పు చూడండి. తేదీ 1954 మార్చి 15. దాల్మియా కంపెనీ లెక్కల్లో మోసం జరిగిందని ఫిర్యాదు వస్తే ఒకేసారి 34 చోట్ల సోదాచేసి కాగితాలు పట్టుకెళ్ళారు. మా మీద మాచేతే సాక్ష్యం చెప్పించడం కాదా ఇది, అని కంపెనీవాళ్ళ వాదన. కాదన్నారు జగన్నాథదాస్ గారు, ఎనిమిదిమంది ధర్మాసనం తరఫున. సోదా వేరు, సాక్ష్యం వేరు. అమెరికా నాలుగో సవరణలాంటి రక్షణ మన రాజ్యాంగంలో లేదు, లేనిదాన్ని అర్థం లాగి తేకూడదు అన్నారు.

ఈ చివరి మాట ఒక్క పేరాలోది. ఆధార్ కేసులో కేంద్రం దాన్నే పట్టుకుని, గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. ఎనిమిదిమంది మాట కొట్టెయ్యడానికి తొమ్మిదిమంది కూర్చోవలసొచ్చింది! 2017 ఆగస్టు 24న గోప్యత హక్కేనని తేల్చి, ఆ మేరకు పాత తీర్పు చెల్లదన్నారు. ఆ పేరా తప్పేనని మా అభిప్రాయం కూడా. సోదా, సాక్ష్యం వేరన్న భాగాన్ని మాత్రం వాళ్ళు ముట్టుకోలేదు.