చింతపిక్కల లెక్క

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అరుగుమీద అష్టా చెమ్మా గీసుకోవడం మన ఇళ్లలో తరతరాల అలవాటే గదా. మా సుమ్మాదేవి వైపు గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలను బండమీద ఒకవైపు తెల్లగా అరగదీసి వేస్తాం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. ఈ రెంటిలో ఒకటి పడితేగాని కాయ దిగదు. పడితే మళ్లీ పందెం వేయనిస్తారు. వీటికే అంత మర్యాద ఎందుకో?

లెక్క వేసి చూడండి. ఒక్కో పిక్క రెండు విధాలుగా పడుతుంది గనుక నాలుగూ కలిసి పదహారు విధాలు. రెండు తెల్లగా పడేవి 6, ఒకటే తెల్లగా పడేవి 4, మూడు తెల్లగా పడేవి 4. చెమ్మకు ఒకే ఒక్క విధం, అష్టకూ ఒక్కటే. అనగా రెండూ కలిపి ఎనిమిదింట ఒక పాలు. అరుదుగా వచ్చేదానికే ఎక్కువ విలువ కట్టారన్నమాట. (పిక్క ఇరువైపులా సమంగా పడుతుందనుకుంటేనే ఈ లెక్క. అరగదీసిన పిక్కకు అంత నిజాయితీ ఉండదు.)

పాచికలు మనకు చాలా పాతవి. మొహంజొదారో తవ్వకాల్లోనే ఆరు ముఖాలవి దొరికాయి. ఋగ్వేదం పదవ మండలంలో ఇల్లు గుల్ల చేసుకున్న జూదరి గోడు ఉంది. ఆ జూదరి వేసినవి తానికాయలు, మనం త్రిఫల చూర్ణంలో వేసేవే! భారతం అరణ్యపర్వంలో నలుని కథ మీరెరిగినదే. రథం మీద పోతూ ఋతుపర్ణుడు తానిచెట్టు ఆకులు, కాయలు ఎన్నో చూసి చెప్పేస్తాడు. నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. అది అక్షహృదయం తెలిసినవాడి నేర్పట. తన అశ్వవిద్యకు బదులుగా నలుడు దాన్ని నేర్చుకుని, పోయిన రాజ్యాన్ని జూదంలోనే తిరిగి గెలుచుకుంటాడు.

ఆ విద్య ఎలాంటిదో మాత్రం కథ చెప్పదు. ఒక రాజు నోటినుంచి మరో రాజు చెవిలోకి పోయిందంతే. పిల్లల్ని పుట్టింటికి పంపి అడవుల పాలైన దమయంతికి ఎవరు నేర్పారు గనక?

ఐరోపాలో కార్డానో, గెలీలియో పాచికలు ఎన్నెన్ని విధాల పడతాయో లెక్కించారు. 1654లో ఫ్రాన్సులో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు, ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎలా పంచాలని ఉత్తరాలు రాసుకున్నారు. సంభావ్యత అనే శాస్త్రం అక్కడే స్థిరపడింది. దాని మొదటి పాఠం, పడగల విధాలన్నీ వరుసగా రాసి లెక్కపెట్టడమే. మనం పిక్కలకు చేసినదీ అదే.

"ఏడుసార్లు పడలేదు, ఎనిమిదోసారి పడి తీరాలి" అంటుంటారు చూశారూ, పిక్కకు ఆ జ్ఞాపకం ఎక్కడిది? ఎనిమిది పందేలు వేసినా నూటికి 34 మార్లు అష్టగాని చెమ్మగాని పడనే పడదు. అరుగుమీదైతే పోయేది కాయే.

సంక్రాంతికి కోడిపందేల పక్కన గుండాట పెడతారే, అక్కడ పోయేది బియ్యం డబ్బు. 1974 నాటి జూద నిషేధ చట్టం ఉన్నా ఆగడం లేదు. ఆరు బొమ్మల గుడ్డ, మూడు పాచికలు ఉన్నాయనుకోండి. మీ బొమ్మ ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి లాభం, రెంటి మీద పడితే రెండు, మూటి మీదా పడితే మూడు. మూడు పాచికలున్నాయి గనుక సగానికి సగం గెలుస్తామనిపిస్తుంది. కాని పడే విధాలు 216. అందులో 125 విధాల్లో మీ బొమ్మ రానే రాదు. ఒక్కసారి వచ్చేవి 75, రెండుసార్లు వచ్చేవి 15, మూడూ అదే అయ్యేది 1. వచ్చేది 75, 30, 3 కలిపి 108 రూపాయలు, పోయేది 125. పాచికల్లో మోసమేమీ లేకుండానే, 216 రూపాయలు ఒడ్డితే సగటున 17 రూపాయలు ఆట పెట్టినవాడి జేబులోకి పోతాయి.