క్రీడా సన్నాహము (బాలుర స్కాను పరీక్షలు)

ఎం.ఆర్.ఐ. మొదలగు పరీక్షలకు ముందు యంత్రము యొక్క ఆకారమును, దాని చప్పుడును, కదలక పరుండవలసిన నియమమును ఆటపాటలతో బాలునకు పరిచితము గావించు పద్ధతికి క్రీడా సన్నాహమని పేరు. దీని మూలములు యంత్రము కంటె ప్రాచీనములు. అమెరికాలో ఆన్ ఆర్బర్ నందలి మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో 1922 నాటికే రోగులగు పిల్లలకు ఆటలు ఏర్పడినవి. వియన్నాలో పుట్టి మాంటిసోరి పద్ధతి నభ్యసించిన ఎమ్మా ప్లాంక్ 1955లో క్లీవ్‌లండు నగర వైద్యశాలలో ఈ కార్యమును ఒక ప్రత్యేక శాఖగా నెలకొల్పెను. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో నిర్మించిన చలనచిత్రము, తల్లికి ఎడమై ఆసుపత్రిలో ఎనిమిది దినములు గడపిన రెండేండ్ల బాలిక వేదనను వైద్యులకు కన్నులకు కట్టినట్లు చూపగా, ఏడేండ్లకు, అనగా 1959లో, ఆసుపత్రులలోని పిల్లల క్షేమమును విచారించిన ప్లాట్ సంఘము తన నివేదికలో తల్లిదండ్రుల రాకపోకలకు అడ్డు చెప్పరాదనియు, పిల్లలకు ఆటవసతి కల్పింపవలెననియు సిఫారసు చేసెను.

అయినను స్కాను గదిలోనికి ఆటను కొనితెచ్చినది కరుణ కంటె యంత్రావసరమే యని చెప్పక తప్పదు. ఎక్స్‌రే చిత్రము క్షణములో ముగియును. 1980వ దశకమున ఆసుపత్రులలో ప్రవేశించిన ఎం.ఆర్.ఐ. పరీక్షయో, తరచుగా అరగంటకు తక్కువగాక సాగును. ప్రబలమైన అయస్కాంత క్షేత్రములో తీగచుట్టల విద్యుత్ప్రవాహమును వేగముగా మార్చుచుండుటచే అవి కంపించి 100 డెసిబెళ్లకు మించిన రొదను పుట్టించును. ఆ రొదకు ఉలికిపడి శిశువు తల కదల్చినచో చిత్రము చెదరును. అందుచే మత్తు నిచ్చుట వాడుకయైనది. మత్తునకు ఉపవాసము, వైద్యుని కావలి, తెలివి వచ్చుదాక నిరీక్షణము వలయును. మూడేండ్లలోపు పిల్లలకు మత్తుమందులను దీర్ఘకాలముగాని, పలుమార్లుగాని వాడినచో మెదడు ఎదుగుదలకు చెరుపు కలుగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 డిసెంబరులో హెచ్చరించినది.

1997లో ఈ విషయమున రెండు పరిశోధన వ్యాసములు వెలువడినవి: ఒకటి నమూనా యంత్రములో అభ్యాసము వలన బాలుర ఆందోళన తగ్గునని చూపగా, వేరొకటి క్రీడాచికిత్సతో సన్నాహమును వివరించెను. నమూనా యంత్రమున అయస్కాంత ముండదు. సొరంగము, లోనికి జరుగు బల్ల, ధ్వనిముద్రణ గావించిన చప్పుళ్లు మాత్రముండును. ముందు బొమ్మకు పరీక్ష జరుగును, చేయువాడు పిల్లవాడే. పిదప వాడు లోపల పరుండి చలనచిత్రము చూచును. కొన్నిచోట్ల తల కదలినంతనే చిత్రము ఆగిపోవునట్లు అమర్చుదురు. మన వీధులలో పిల్లలు ‘స్టాచ్యూ’ అని కేక వేసి ఆడుకొను ఆట వంటిదే ఈ అభ్యాసము. ఇచట ఓడినవానికి శిక్ష లేదు, మరల మొదలిడుటయే.

యంత్ర రూపకర్త డగ్ డీట్జ్, తాను తీర్చిన యంత్రము నెదుట ఒక బాలిక ఏడ్చుటను చూచి, పిట్స్‌బర్గు శిశు వైద్యశాలలో స్కాను గదిని సముద్రపు దొంగల ఓడగా మార్పించెను. కీర్తి దీనికే ఎక్కువగా దక్కినది. కాని గోడల రంగులు గదిని గూర్చిన బెదురును పోగొట్టునేగాని, నిశ్చలతను నేర్పవు. అభ్యాసమే నేర్పవలయును. ఇట్టి సన్నాహమునకై డెన్మార్కులోని ఓడెన్సె విశ్వవిద్యాలయ వైద్యశాల సాయముతో రూపొందిన లెగో బొమ్మ యంత్రములను ఆరువందలు ఆసుపత్రులకు పంచెదమని లెగో ఫౌండేషన్ 2022లో ప్రకటించెను.

ఈ పద్ధతి నాలుగైదేండ్లు దాటిన వారియెడ మిక్కిలి ఫలించును. అంతకు చిన్నవారు మాట విని కదలక యుండుట అరుదు. అత్యవసర పరీక్షలకు అభ్యాసమునకు వ్యవధి యుండదు. నెలల పసికందులకు ఆటతో పనిలేదు: పాలిచ్చి, వెచ్చని గుడ్డలో చుట్టి, నిద్రించినపుడు పరీక్ష ముగింతురు.