డెనారియస్‌పై మనిషి ముఖం

కార్తేజి సేనాని హానిబాల్‌తో రోము ప్రాణాలకు తెగించి పోరాడుతున్న కాలంలో, క్రీ.పూ. 211 ప్రాంతంలో, డెనారియస్ అనే వెండి నాణెం పుట్టింది. సుమారు నాలుగున్నర గ్రాముల బరువుండి, ఆస్ అనే పది కంచు నాణేలకు సమానమైన ఈ నాణెం బొమ్మ వైపు రెక్కల శిరస్త్రాణం ధరించిన రోమా దేవత శిరస్సు, బొరుసు వైపు గుర్రాలపై దూసుకుపోయే కాస్టర్, పోలక్స్ అనే కవల దేవతలు కనిపిస్తారు.

టంకశాల బాధ్యత వహించిన యువ అధికారులు క్రమంగా తమ వంశ ప్రతిష్ఠను నాణేలకెక్కించసాగారు. క్రీ.పూ. 54లో ఆ పదవిలో ఉన్న మార్కస్ బ్రూటస్ స్వేచ్ఛా దేవతను, రాజులను వెళ్లగొట్టి గణతంత్రాన్ని నెలకొల్పిన తన పూర్వీకుణ్ణి చిత్రింపజేశాడు. అయితే దేవతలకు, గతించిన పెద్దలకు దక్కిన ఆ స్థానం రోము టంకశాలలో బతికివున్న మనిషి ముఖానికి మాత్రం దక్కలేదు. రాజరికాన్ని ఏవగించుకున్న సమాజంలో ఆ కట్టుబాటుకు ఎంతో అర్థముంది.

క్రీ.పూ. 44 తొలి నెలల్లో జూలియస్ సీజర్ ముఖంతో, ‘శాశ్వత నియంత’ అనే బిరుదుతో వెలువడిన నాణేలు ఆ కట్టుబాటును తెంచాయి. మార్చి 15న సీజర్ హత్యకు గురయ్యాడు. హంతకులలో ప్రముఖుడైన బ్రూటస్, ఆ తరువాత తన సైన్యం వెంట తిరిగే టంకశాలలో ముద్రింపజేసిన డెనారియస్ బొరుసు వైపు రెండు బాకులు, వాటి నడుమ బానిసత్వం నుంచి విముక్తి పొందినవారు ధరించే టోపీ, కింద హత్య జరిగిన తేదీ ఉన్నాయి. స్వేచ్ఛను ఇంత సూటిగా చాటిన ఆ నాణెం బొమ్మ వైపు మాత్రం ఉన్నది బ్రూటస్ ముఖమే. గణతంత్రం మనసులోనే ఓడిపోయిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అరుదు.

ఆగస్టస్ కాలానికి చక్రవర్తి ముఖమే నాణేనికి ప్రధాన చిహ్నమైంది. వారసులుగా దత్తత తీసుకున్న మనుమలు గాయస్, లూసియస్ డాళ్లు, బల్లేలతో నిలిచిన అతని డెనారియస్ సముద్ర వాణిజ్యం ద్వారా మన దేశానికి విరివిగా చేరింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన 1,500కు పైగా నాణేల నిధి ఆగస్టస్, టిబేరియస్ కాలాలకు చెందినదే. క్రీ.శ. 64లో నీరో డెనారియస్ బరువును, వెండి పాలును తగ్గించినందువల్లే ఇక్కడి వర్తకులు పాత నాణేలకు మొగ్గు చూపారని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. దక్షిణ భారతంలో దొరికిన డెనారియస్‌లలో కొన్నింటిపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాట్లున్నాయి. వెండి నాణ్యతను పరీక్షించడానికే ఆ గాట్లు పెట్టి ఉంటే, ఇక్కడివారు ఆ ముఖాన్ని కాక లోహాన్నే నమ్మారనుకోవాలి.